పసిపూస

గుడ్ల గదిలో ఫోను మాట్లాడకూడదని తలుపు మీద బోర్డు ఉండేది. దాన్ని పెట్టించింది హిమజే. అయినా భోజనాల వేళకు ఆమె ఫోనే మోగేది. చేతులకు ఇసుక అంటి ఉంటుంది కాబట్టి మోచేత్తో స్పీకరు నొక్కేది. గదంతా వినపడేట్టు అత్తగారి గొంతు వచ్చేది.

"తిన్నవా బిడ్డా?"

"తింట అత్తమ్మా. పనిలున్న."

"తింట అంటవు, తినవు. డబ్బ మూతన్న తీసినవా? దొండకాయ మాడ్చకుంట చేసిన ఇయ్యాల."

"తీసిన తీసిన. పెట్టేయ్ ఇగ."

ఫోను ఎత్తకపోతే ఏమవుతుందో హిమజకు ఒకసారి అనుభవమైంది. అత్తగారు అండాలమ్మ సంగారెడ్డిలో బస్సెక్కి, మంజీర ఒడ్డున ఉన్న ఆ ప్రయోగశాల గేటు ముందు దిగి, "మా కోడలు బతికే ఉన్నదా?" అని కాపలా మనిషిని అడిగింది. అప్పట్నించి బోర్డు పని బోర్డుది, ఫోను పని ఫోనుది.

గదిలో గోడ పొడుగునా ఇసుక పెట్టెలు. వాటిలో మొసలి గుడ్లు. పొదగడం ముగిసే రోజులు వచ్చాయంటే మొసలి పిల్ల గుడ్డులోంచే పిలవడం మొదలుపెడుతుంది. ఏటి ఒడ్డున అయితే పైన కాపలా పడుకున్న తల్లి ఆ పిలుపు విని గూడు తవ్వుతుంది. పిల్లల్ని నోట్లో పెట్టుకుని, ఒక్క పన్ను దిగకుండా నీళ్లలోకి మోసుకుపోతుంది. కొన్నాళ్లు అవి దాని వెనకే తిరుగుతాయి. తల్లి కనపడకపోతే అరుస్తాయి, గొంతు వినపడితే ఉరుకుతాయి. తర్వాత ఒక వానాకాలంలో ఎవరి దారి వారిది. పిల్లకు తల్లి గుర్తుండదు, తల్లికి పిల్ల గుర్తుండదు.

ఆ వానాకాలం రాకుండా ఆపేదే పసిపూస. బియ్యపు గింజంత ఉంటుంది. పుట్టిన వారంలోపు మెడ వెనక తోలు కింద పెడితే, మొసలి మెదడులో పసితనం ముగియదు. ఒళ్లు పెరుగుతుంది, పళ్లు పెరుగుతాయి, లోపల మాత్రం అది తల్లి కోసం వెతుక్కునే పిల్లగానే ఉండిపోతుంది. గుడ్డులో ఉండగా ఏ గొంతు విన్నదో ఆ మనిషే దానికి తల్లి.

హిమజ దుర్బుద్ధితో మొదలుపెట్టిన పని కాదు ఇది. ఫాంహౌసుల్లో మొసళ్లనూ కొండచిలువలనూ గొలుసులతో కట్టి, ఆకలికి మాడ్చి, పళ్లు పీకించి పెంచుకుంటున్న రోజులవి. అలాంటి వాటి పుండ్లకు మందు రాసిన పశువుల డాక్టరు ఆమె. పెంచుకోవడం ఎలాగూ మానరు, గొలుసన్నా లేకుండా, భయమన్నా లేకుండా బతకనీ అనుకుంది.

మొదటి పూస పెట్టబోయే పిల్ల కోసం ఆమె తన గొంతే రికార్డు చేసింది. "రా, రా, ఇటు రా" అని ఆ మాటల్ని గుడ్డు పక్కన పొద్దంతా వినిపించింది. గుడ్డు పగిలింది. పూస పెట్టారు. రెండు చేతులూ చాచి "రా, రా" అంటే ఆ పిల్ల మూలకు వెళ్లి ముఖం దాచుకుంది. మర్నాడూ అంతే. పూస పని చేయలేదనుకుని హిమజ నీరసంగా కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది.

"తిన్నవా బిడ్డా?"

మూలలోంచి ఆ పిల్ల బాణంలా వచ్చింది. తడి ఇసుక మీద జారి పడి, లేచి, ఫోను మీదికెక్కి, ఆ వెలుగులోకి ముక్కు పెట్టి "అంక్, అంక్" అని పిలిచింది.

"ఏందే ఆ సప్పుడు? కోడిపిల్లలు గిట్ల తెచ్చినవా?" అంది అండాలమ్మ.

*

హిమజ ఆ పిల్లను బకెట్లో ఇంటికి తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టింది. అండాలమ్మ బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి. తొంగిచూసి, చేతిలో గరిటె అక్కడే వదిలేసి వెనక్కి జరిగింది.

"ఓ హిమజా! గిదేందే! ఇంట్లకు పాములు తెస్తవానే!"

"పాము కాదత్తమ్మా, మొసలి."

"మొసలా! గట్లనా, నేనింకా పామనుకుని భయపడ్డ. తీసుకపో దాన్ని! తీసుకపోతవా లేదా?"

ఆమె అరిచిన కొద్దీ బకెట్లో నీళ్లు చిమ్మాయి. జానెడు పిల్ల అంచు దాటి బండల మీద పడి, ఆ గొంతు ఎటు పోతే అటు ఉరికింది. ఆమె మంచమెక్కింది. అది మంచం కోడు పట్టుకుని పైకి చూస్తూ "అంక్, అంక్" అంది.

హిమజ భర్త పేరు శ్రీశైలం, బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులతో తలుపు దగ్గరే నిలబడి నవ్వాడు. "అమ్మా, నువ్వు తిట్టే తిట్లకు ఎవ్వరైనా పారిపోతరు. గిదొక్కటే దగ్గరికొస్తున్నది. ఉంచుకో."

"నోరు మూసుకో. గది నన్ను తింటదిరా."

"అత్తమ్మా, అది నిన్ను తల్లి అనుకుంటున్నది," అంది హిమజ. "నా రికార్డు పెట్టకముందు నుంచే గుడ్డుల రోజూ నీ గొంతే విన్నది. నాదే తప్పు. నేను ఫోను బయటికి పోయి మాట్లాడాల్సింది."

మంచం మీద ముడుచుకున్న అండాలమ్మ కిందికి చూసింది. కిందిది పైకి చూస్తోంది. దాని గొంతు కింద తోలు గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

"ఏమన్న తిన్నదా మరి అది?" అని అడిగింది చివరికి.

"నిన్నటి సంది ఏం ముట్టలే."

"నిన్నటి సందా!" ఆమె ఒక కాలు కింద పెట్టింది.

ఆ రాత్రికే దానికి బుడ్డోడని పేరు పడింది.

*

మొదట స్నానం టబ్బులో ఉన్నాడు బుడ్డోడు. తర్వాత పెరట్లో నీళ్ల హౌజు కట్టించారు. బండలు పరిపించారు. అండాలమ్మ బియ్యం కడిగితే పక్కన పడుకునేవాడు. బట్టలు ఆరేస్తుంటే నీడలా వెంట తిరిగేవాడు. ఆమె పడుకుంటే ఆమె చెప్పుల మీద గదమ పెట్టుకుని పడుకునేవాడు. కొబ్బరి పీచుతో మెడ వెనక రుద్దితే కళ్లు మూసుకునేవాడు. మంచం పొడుగు పెరిగినా ఆ "అంక్, అంక్" మాత్రం పోలేదు. కాస్త బొంగురుపోయిందంతే.

"ఇంట్ల నా కంటె వానికే మర్యాద ఎక్కువ," అనేవాడు శ్రీశైలం. "నాకు కోడి కూరల మెడ ముక్క, వానికి తొడ ముక్క."

"నువ్వు పెద్దోనివైనవ్‌ర. వాడు పిల్లగాడు," అనేది అండాలమ్మ.

ప్రయోగశాల పెద్ద ప్రభంజన్ సార్ ఒకరోజు కెమెరాలతో వచ్చాడు. పట్టుచీర కట్టుకుని కూర్చున్న ముసలామె ఒడిలో మొసలి తల. ఆ బొమ్మ కూడళ్లలో బోర్డులెక్కింది. ఒకటీ అరా ఇళ్లతో మొదలై వందల ఇళ్లు పసిపూస మొసళ్లను తెచ్చుకున్నాయి. ఎవర్నీ కరిచిన దాఖలా లేదు. హిమజకు శాలువాలు కప్పారు. ఫాంహౌసుల్లో గొలుసులు పోయాయని చెప్పినప్పుడు ఆమె కళ్లు నిజంగానే తడిసేవి.

అప్పుడు నారాయణఖేడ్ నుంచి కబురొచ్చింది. అండాలమ్మ అక్క బాలమణికి బాగా లేదు.

పొద్దున్నే బస్సెక్కింది అండాలమ్మ. అక్క మంచాన అతుక్కుపోయి ఉంది. చెల్లెల్ని చూసి లేవబోయింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా చిన్నప్పటి మాటలు చెప్పుకున్నారు. పొద్దు వాలుతుంటే శ్రీశైలం ఫోను చేశాడు.

"అమ్మా, ఎప్పుడొస్తున్నవ్? వాడు గేటుకు తల కొట్టుకుంటున్నడు. మూతి పగిలి నెత్తురు కారుతున్నది. నీ గొంతు రికార్డు పెడితే ఫోను చుట్టు తిరిగి, మంచం కింద ఎతికి, మళ్ల గేటు కాడికే పోతున్నడు."

అండాలమ్మ చీర కొంగు సర్దుకుని లేచింది.

"ఒక్క రాత్రి ఉండరాదే," అంది బాలమణి.

"రేపు పొద్దుగాలనే వస్త అక్కా. ఆడ బుడ్డోడు..."

"నా కంటె మొసలి ఎక్కువైందానే నీకు?" బాలమణి నవ్వింది. నవ్వుతూనే చెల్లెలి చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించుకుని వచ్చేయాల్సి వచ్చింది.

తెల్లవారకముందే బాలమణి పోయింది.

*

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు టీ తాగుతూ అండాలమ్మ అడిగింది. బుడ్డోడు ఆమె పాదాల మీద మెడ ఆనించి పడుకున్నాడు. మూతి మీద గాయం మానుతోంది.

"హిమజా, ఇది ఎన్నేండ్లు బతుకుతది?"

"మంచిగ చూసుకుంటే యాభై, అరవై ఏండ్లు."

"నేను?"

"నువ్వు నూరేండ్లు ఉంటవ్ అత్తమ్మా."

"ఎగతాళి చేయకే. మా అక్క పోయిందని నాకు చెప్పిన్రు. ఏడ్చిన. పది మంది వచ్చి నా పక్కన కూసున్నరు. పిట్టకు పెట్టినం, కాకి వచ్చి ముట్టింది, ఇగ లేదని మనసుకు చెప్పుకున్న. నేను పోయినంక వీనికి ఎవరు చెప్తరు? ఏ భాషల చెప్తరు?"

హిమజ టీ కప్పు కింద పెట్టింది.

"గేటు కాడ కూసుంటడు," అంది అండాలమ్మ, మొసలి మెడ నిమురుతూ. "నేను బజారుకు పోయిననుకుంటడు. గట్లనే కూసుంటడు."

హిమజ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. నీళ్ల కింద వాటిని చాలాసేపు కడిగింది. కొత్త పూస గురించి ఇంట్లో ఇంకా చెప్పలేదు. పాత పూసలు కొన్నేళ్లకు అరిగిపోతాయి, మార్చాలి. ఇప్పుడు తయారైనది జీవితాంతం అరగదు. దాన్ని మొదట పెట్టబోయేది బుడ్డోడికే.

*

ఆ ఎండాకాలం మంజీర ఎగువన ఒక చిన్న ఊరి నుంచి ప్రయోగశాలకు ఫోను వచ్చింది. హిమజ వెళ్లేసరికి ఒడ్డున జనం మూగి ఉన్నారు. మధ్యలో చచ్చిన మొసలి. ఒళ్లంతా కర్రల దెబ్బలు. మెడ వెనక వేలితో తడిమింది. తోలు కింద పూస గట్టిగా తగిలింది.

"ఎవరినన్న కరిచిందా?" అని అడిగింది.

జనంలో ఒకడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. "కరవలే మేడం. నేను గొర్లకు నీళ్లు తాపుతున్న. ఓ గొర్రెను పేరు పెట్టి పిలిచిన. గంతే. నీళ్లల్లకెల్లి లేచి నా మీదికి ఉరికొచ్చింది. మా ఊరోళ్లు కర్రలందుకున్నరు. కొడుతుంటె పోదు. ఇంకా దగ్గరికే వస్తది. కోడిపిల్ల లెక్క అరుసుకుంట..." అతను ఆగాడు. "అట్ల అరుస్తదని మాకేం ఎర్క మేడం? ముందుగాల చెప్తే కొట్టకపోదుము."

కడుపు చూసింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పెంచుకున్నవాళ్లు అపార్టుమెంటుకు మారారో, విసిగిపోయారో, ఎవరో రాత్రికి రాత్రి తెచ్చి వదిలేసి పోయారు. నీళ్లలో చేపలున్నా తినలేదు. ఒడ్డున మనిషి గొంతు కోసం చూస్తూ పడుకుంది. దానికి ఆ గొర్రెల కాపరి గొంతు తల్లి గొంతులాగా ఉందో, లేక అన్ని గొంతులూ అలాగే వినిపించే స్థితికి వచ్చిందో, అడగడానికి లేదు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా స్నానం చేసింది. కానీ అన్నం పెడుతూ అండాలమ్మ కోడలి ముఖం చూసింది.

"ఏమైందే?"

హిమజ చెప్పింది. చెప్పడం పూర్తయ్యేదాకా అండాలమ్మ చేతిలో గరిటె గాలిలోనే ఉంది.

*

పూస మార్చే రోజు వ్యాన్‌లో తడి గోనెల మీద బుడ్డోడు, పక్కన పీట మీద అండాలమ్మ, ఎదురుగా హిమజ. వ్యాన్ కుదిపినప్పుడల్లా వాడు తల ఎత్తి చూస్తున్నాడు. ఆమె "ఏం లేదు, ఏం లేదు" అంటోంది.

"కొత్తది పెట్టకే," అంది ఉన్నట్టుండి.

"అత్తమ్మా, అడ్డం మాట్లాడకు. పెట్టకపోతే ఏమైతదో ఎర్కనా? నెల తిరిగేసరికి నువ్వెవరో మర్చిపోతడు."

"ఊఁ."

"మర్చిపోవుడే కాదు. దగ్గరికి పోతే చెయ్యి కొరికి పట్టుకుంటడు."

"ఊఁ."

"నువ్వు ఉండగలవా?"

"నేనుండలేను." అండాలమ్మ గోనె తడి చూసి, చెంబులో నీళ్లు కాసిని చల్లింది. "నువ్వు నా సంగతి అడుగుతున్నవా, వాని సంగతి అడుగుతున్నవా?"

"మంచిగ చూసుకుంటున్నం గదా. ఏం తక్కువైంది వానికి? ఆకలి లేదు, గొలుసు లేదు, దెబ్బ లేదు."

"మీరు పెట్టిన గొలుసు లోపట ఉన్నది. బయట ఉన్నదైతే ఎవరన్న తెంపుదురు." ఆమె గొంతు పెరిగింది. గొంతు పెరగగానే బుడ్డోడు దగ్గరికి జరిగాడు. అది చూసి ఆమె గొంతు తగ్గించుకుంది. "నీ మీద కోపం కాదు బిడ్డా. నువ్వు మంచికే చేసినవ్. నాకూ ముద్దొచ్చింది, నేనూ ఉంచుకున్న. కానీ ఒక్కటి ఇను. మనిషికి మర్చిపోవుడు రాదు. ఒక్క రాత్రి ఉండమని మా అక్క అన్న మాట నాతోని కాటిదాక వస్తది. వీళ్లకు దేవుడు మర్చిపోయే వరం ఇచ్చిండు. ఒక వాన పడంగనే తల్లీ పిల్లా ఎవరి తొవ్వ వాళ్లు పట్టుకుంటరు, ఏడుపు లేకుంట. మనకియ్యని వరం అది. ముద్దొస్తున్నదని మనం గుంజుకున్నం."

వ్యాన్ గేటు లోపలికి తిరిగింది. కెమెరాలు అప్పటికే వచ్చి ఉన్నాయి.

మొసలికి పూర్తి మత్తు ఇస్తే లేవడం కష్టం. అందుకని మెడ దగ్గర తిమ్మిరి సూది మాత్రం వేస్తారు. కదలకుండా పట్టుకోవాల్సింది తల్లి గొంతు. బల్ల పక్కన అండాలమ్మ కూర్చుని వాడి గదమ కింద అరచెయ్యి పెట్టింది. ప్రభంజన్ సార్ వచ్చి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, ఈ రోజుతో మీ బుడ్డోడు జీవితాంతం మీవాడే."

"నా జీవితాంతమా సార్, వాని జీవితాంతమా?" అంది అండాలమ్మ. ఆయన అర్థం కానట్టు నవ్వి కెమెరాల వైపు వెళ్లాడు.

హిమజ తోలు కోసింది. పాత పూస తీసి గిన్నెలో వేసింది. అది సన్నబడి నూకంత అయింది. పక్క గిన్నెలో కొత్తది తెల్లగా మెరుస్తోంది. పట్టకారుతో దాన్ని పట్టుకుంది.

బుడ్డోడు సన్నగా పిలిచాడు. "అంక్."

"అయిపోయింది బిడ్డా. అయిపోయింది. ఇంటికి పోదాం," అంది అండాలమ్మ. అని, నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయింది. అబద్ధం చెప్పానేమోనని భయపడ్డ ముఖంతో కోడలి వైపు చూసింది. మళ్లీ వద్దనలేదు. చెప్పాల్సింది వ్యాన్‌లోనే చెప్పేసింది. వాడి గదమ కింది నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

హిమజకు ఏటి ఒడ్డున తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. ముందుగాల చెప్తే కొట్టకపోదుము.

పట్టకారు తెరిచింది. కొత్త పూస గిన్నెలో పడి టింగుమంది. సూదీ దారం తీసుకుని కుట్లు వేయడం మొదలుపెట్టింది.

"డాక్టర్, పూస?" అన్నాడు ప్రభంజన్ సార్.

"పెట్టలేదు సార్."

"అదేమిటి? కెమెరాలున్నాయి. ఇన్ని ఇళ్లకు ఏం చెప్తాం?"

"ఇదే చెప్తాం సార్. వాటి పూసలు కూడా తీసేద్దాం, ఇంకా మన మాట వింటున్నప్పుడే. నేనే తీస్త, ఒక్కొక్క ఇంటికి పోయి." ఆమె కుట్టు ముడి వేసింది. "మా ఇంటి నుంచి మొదలుపెట్టిన."

ఆ తర్వాత ఆ గదిలో పెద్ద గొడవే జరిగింది. బుడ్డోడు అదేమీ పట్టించుకోలేదు. చేపల వాసన లేకపోయినా అండాలమ్మ చేతి వేళ్లు వాసన చూస్తూ పడుకున్నాడు.

*

అటవీశాఖ వాళ్లు కంచె వేసిన మడుగులో వాణ్ని ఉంచారు. కాపలాదారు మొగులయ్య గట్టి ఆజ్ఞ వేశాడు. "అవ్వా, కంచె ఇవుతలనే ఉండాలె. చెయ్యి లోపల పెడితే నా నౌకరి పోతది, నీ చెయ్యి పోతది."

మొదట్లో ఆమె రాగానే బుడ్డోడు నీళ్లు చీల్చుకుని వచ్చేవాడు. కంచెకు మూతి ఆనించి పిలిచేవాడు. ఆమె అవతలికి తిరిగి కళ్లు తుడుచుకునేది. కొన్నాళ్లకు ఒడ్డుదాకా వచ్చి ఆగడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నీళ్ల మధ్యలోంచి రెండు కళ్లు మాత్రం పైకి పెట్టి చూసేవాడు. ఒకరోజు అసలు రాలేదు. మడుగు అవతలి గట్టున ఒక చేపను అడ్డంగా పట్టుకుని, తల విదిలించి మింగుతున్నాడు.

"అగో, సొంతంగ పట్టిండు!" అన్నాడు మొగులయ్య.

"తిన్నవా బిడ్డా?" అని పిలిచింది అండాలమ్మ, కంచె పట్టుకుని.

తల తిరగలేదు.

ఇంటికి వచ్చాక ఆమె హౌజులో నీళ్లు తీసేయించింది. చెప్పులు గుమ్మంలో ఎక్కడ విడిచినవి అక్కడే ఉంటున్నాయని రెండు మూడు సార్లు అంది. శ్రీశైలం తొడ ముక్క తన పళ్లెంలో చూసి తినలేక పక్కన పెట్టాడు. హిమజ ఉద్యోగం అప్పటికే పోయింది. పాత బండి మీద పెట్టె కట్టుకుని ఊరూరూ తిరుగుతోంది. కొన్ని ఇళ్లవాళ్లు తలుపు తీశారు. కొన్ని ఇళ్లవాళ్లు "మా పిల్లను మా నుంచి దూరం చేస్తవా?" అని తిట్టి పంపారు. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. ఆ మాట ఎందుకు అంటున్నారో ఆమెకు తెలుసు.

తొలకరి పడ్డాక మొసలిని మంజీర లోపలి మడుగుల్లోకి వదిలారు. వదిలేటప్పుడు అండాలమ్మ రాలేదు. కాళ్లు నొప్పులని చెప్పింది. వానాకాలం చివర్లో తనే అడిగింది. "ఒక్కసారి చూసొద్దామే. దూరంకెల్లే."

మొగులయ్య జీపులో తీసుకెళ్లాడు. గట్టు ఎక్కి చేత్తో చూపించాడు. నీళ్ల మధ్య మట్టి దిబ్బ మీద నోరు తెరిచి ఎండ కాగుతోంది. మెడ వెనక కుట్ల గీత ఉంది. అది లేకపోతే ఆమె కూడా గుర్తుపట్టేది కాదేమో. ఒళ్లు నాచు రంగుకు తిరిగింది. ఒక కాలి దగ్గర కొత్త దెబ్బ, వేరే మొసలితో కొట్లాడినట్టుంది.

అండాలమ్మ కొంగు కింద ఒక డబ్బా ఉంది. హిమజ చూసింది, అడగలేదు. చేపల వాసన వస్తోంది.

ముసలామె గట్టు దిగి నాలుగడుగులు వేసింది. మొగులయ్య "అవ్వా!" అన్నాడు. ఆమె ఆగింది. గొంతు సవరించుకుంది. ఎప్పుడూ ఇల్లంతా వినపడే ఆ గొంతుతో పిలిచింది.

"తిన్నవా బిడ్డా?"

దిబ్బ మీది మొసలి నోరు మూసింది. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత అది ఒళ్లంతా వంచి, మట్టి చెదిరిపోయేంత వేగంగా నీళ్లలోకి దూకింది. ఇటు కాదు, అటు. దూరంగా, లోతులోకి. నీటి మీద గీత ఒకటి పోయి పోయి తుంగలో కలిసింది.

అండాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. హిమజ పరిగెత్తుకెళ్లి భుజాలు పట్టుకుంది. ఏడుస్తోందనుకుంది. కళ్లు నిండి ఉన్నాయి, నిజమే. కానీ ఆ ముఖం ఏడుపు ముఖం కాదు.

"చూసినవా?" అంది గుసగుసగా. "భయపడ్డది. నన్ను చూసి భయపడ్డది బిడ్డా."

"అత్తమ్మా..."

"మనిషి గొంతు ఇనంగనే ఉరికింది చూడు. ఇగ దాన్ని ఎవరు కొడ్తరు? ఎవరికి దొరుకుతది? బతుకుతది. ఇగ బతుకుతది."

డబ్బా కొంగు కిందనే పెట్టుకుని గట్టెక్కింది. జీపు ఎక్కాక మొగులయ్య ఏదో అడిగితే పెదవుల మీద వేలు పెట్టింది. బండి కంకర దారి దాటి తారు రోడ్డు ఎక్కేదాకా, నీళ్లు కనుమరుగయ్యేదాకా, ఆమె గొంతెత్తి ఒక్క మాట మాట్లాడలేదు.